ఆరు బస్తాల పిస్తా

తాళం చెక్కుచెదరలేదు. కిటికీ ఊచలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. గోడకు కన్నం లేదు. గదిలో ఉండాల్సిన పద్నాలుగు బస్తాల పిస్తాలో ఆరు మాత్రం లేవు.

ఇన్‌స్పెక్టర్ నౌఫల్ జ్రీబీ మిగిలినవాటిని మరోసారి లెక్కపెట్టాడు. ఎనిమిది. కుట్టు విప్పని బస్తాలు. ఒక్కొక్కటి పాతిక కిలోలు.

"ఖరీదెంత?"

"బస్తా రెండు వేల నూరు దీనార్లు," అంది లల్లా జలీల. "ఆరు బస్తాలు. మొత్తం ఎంతో మీరే వేసుకోండి. నా నోటితో నేను చెప్పలేను."

"పన్నెండు వేల పైచిలుకు," అని నోట్ చేసుకుంది పక్కనున్న సార్జెంట్ ఇబ్తిసామ్.

స్ఫాక్స్ ఊళ్లో 'లల్లా' అని అందరూ గౌరవంగా పిలిచే జలీల పేరు తెలియని పెళ్లివారు లేరు. ముప్పై ఐదేళ్ల కిందట వంటింట్లో బాదం మిఠాయిలు చేసి, పళ్లెంలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగిన మనిషి. ఇప్పుడు కింద దుకాణం, వెనక పొయ్యిల గది, పైన ఆఫీసు, వెనక సందులోకి తలుపున్న ఈ సామాన్ల గది. వయసు అరవై ఆరు. మెడలో బంగారు గొలుసు. గొలుసుకి తాళంచెవి.

"ఈ గదికి తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి ఇది. పడుకున్నా మెడలోంచి తీయను. రెండోది..." ఆవిడ ఆగింది. "నా కోడలి దగ్గర."

కోడలు విదాద్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. సన్నటి మనిషి. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె పక్కన భర్త నిజార్ నేల వంక చూస్తున్నాడు. ఇద్దరికీ కాస్త దూరంగా, చేతులు కట్టుకుని జలీల మేనకోడలు బస్మా.

"కంప్లైంట్ ఇచ్చిందెవరు?"

"నేనే," అంది జలీల. "మా అబ్బాయి వద్దన్నాడు. ఇంట్లోనే తేల్చుకుందాం అన్నాడు. నేను వినలేదు. నా కొంపలో దొంగ ఎవరో నాకు తెలియాలి. ఎవరైనా సరే."

ఎవరైనా సరే అన్నప్పుడు ఆవిడ కోడలివైపు చూడలేదు. చూడకపోవడమే అందరికీ వినిపించింది.

పై ఆఫీసులో ఒక్కొక్కరినీ పిలిచాడు నౌఫల్. ముందు విదాద్.

"పిస్తా ఎప్పుడొచ్చింది?"

"మూడు వారాల కిందట, గురువారం పొద్దున. లొత్ఫీ గర్గూరీ గోడౌన్ నుంచి. పద్నాలుగు బస్తాలు. నేనే లెక్కపెట్టి దించుకున్నా. బిల్లు కంప్యూటర్‌లో నేనే ఎక్కించా."

"తర్వాత?"

"మధ్యాహ్నం గాబెస్ వెళ్లాను. మా చెల్లికి కాన్పు. ఆరు రోజులు ఉన్నా."

"తాళంచెవి?"

"ఇంట్లో, మంచం పక్క సొరుగులో పెట్టి వెళ్లాను."

"వచ్చాక గది తెరిచారా?"

"రోజూ తెరిచేదాన్నే సార్. బాదం, జీడిపప్పు తీసేదాన్ని. పిస్తా జోలికి పోలేదు. అది పెళ్లిళ్ల సీజన్‌కి. వెనక వరసలో, పిండి బస్తాల చాటున ఉంది. నెలాఖరుకి లెక్క చూస్తే... కంప్యూటర్ పద్నాలుగు అంటోంది. గదిలో ఎనిమిదే."

"కంప్యూటర్ తప్పు చెప్పొచ్చుగా?"

"నేనూ అదే అనుకున్నా. రెండు రోజులు నిద్రపోలేదు. వాడకంలో ఏమైనా ఎక్కించామేమో చూశా. లేదు. గర్గూరీ వాళ్ల ఖాతా చూశా. వాళ్లు మాకు పంపిన స్టేట్‌మెంట్‌తో చివరి మిల్లీము నాణెం దాకా సరిపోయింది. ఏడాది రాయితీ కింద వాళ్లిచ్చిన పన్నెండు వేల ఆరువందలు కూడా సరిగ్గా ఉంది. తప్పెక్కడా దొరకలేదు."

"రాయితీ ఎవరు ఎక్కించారు?"

"మా ఆయన. నేను ఊళ్లో లేనప్పుడు గర్గూరీతో ఆయనే మాట్లాడి తెచ్చారు." ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం కాస్త వెలిగింది. "సప్లయర్ క్రెడిట్ ఎలా రాయాలో నేనే నేర్పాను ఒకసారి. గుర్తుపెట్టుకున్నారు."

"దుకాణం ముందు సీసీ కెమెరాలో ఒకటి కనిపించింది. ఆ గురువారం మీ కారు డిక్కీలో రెండు బస్తాలు పెట్టారు."

"బార్లీ పిండి సార్. బాలింతకి. మా చెల్లిని అడగండి."

"మీ చెల్లి మీకు అనుకూలంగానే చెబుతుందిగా?"

కింద దుకాణంలోంచి ఎవరిదో నవ్వు వినిపించింది. విదాద్ ఉలిక్కిపడి కిందివైపు చెవి పెట్టింది. తన గురించే నవ్వుతున్నారా అన్నట్టు.

తర్వాత బస్మా. నలభై దాటిన మనిషి. కూర్చోమనకముందే కూర్చుంది.

"కారులో బస్తాల సంగతి మాకు ఫోన్ చేసి చెప్పింది మీరేగా?"

"చూసింది చెప్పాను. తప్పా?"

"తప్పు కాదు. ఆమె అంటే మీకెందుకు పడదు?"

బస్మా నవ్వింది. "పడదని ఎవరన్నారు? విదాద్ బంగారం. పద్దెనిమిదేళ్లు ఈ దుకాణం లెక్కలు నా చేత్తో రాశాను సార్. వేళ్లు కాయలు కాచాయి. ఆవిడ పెళ్లయి వచ్చింది. కంప్యూటర్ పట్టుకొచ్చింది. మర్నాటి నుంచి నా పని డబ్బాలకి రిబ్బన్లు కట్టడం. మా అత్త ఆవిణ్ణి చూసి మురిసిపోతుంది. ఆవిడ దగ్గితే కూడా అందంగా దగ్గిందంటుంది."

"అసూయా?"

"అవును. అసూయే. రాసుకోండి." ఆమె కళ్లు చెమ్మగిల్లాయి, గొంతు మాత్రం తగ్గలేదు. "అసూయ ఉన్నవాళ్లంతా దొంగలైతే మీ స్టేషన్లో కుర్చీలు చాలవు."

"నిజార్ సంగతి?"

"వాడా? వాడు మోసేవాడు. వ్యాను తోలతాడు, మోస్తాడు, తింటాడు. మొన్న కొత్తగా తెలివి పుట్టింది. గర్గూరీ దగ్గర రాయితీ తెచ్చాడట! సొంత కూతురి పెళ్లికి బాదం అమ్మి డబ్బులు పుచ్చుకున్న మనిషి గర్గూరీ. వీడికి రాయితీ ఇచ్చాడంటే, వీడిలో ఏం చూశాడో మరి."

ఇబ్తిసామ్ నవ్వాపుకుంది. నౌఫల్ ఆ మాటను కుళ్లు కింద జమకట్టి వదిలేశాడు. ఈవిడకి ఎవరి మంచీ గిట్టదు అనుకున్నాడు.

చివరికి నిజార్. ముప్పై ఎనిమిదేళ్లు. గట్టి భుజాలు. మోచేతుల మీద పాత పొయ్యి మచ్చలు.

"మీ భార్య మీద మీకు అనుమానం ఉందా?"

"ఛ. ఎంత మాట! ఆవిడకా అవసరం?"

"మీ అమ్మగారు సూస్‌లో రెండో దుకాణం పెడుతున్నారట."

"అవును. విదాద్ పేరు మీద." నిజార్ చిరునవ్వు నవ్వాడు. "సరైన పనే. మా ఆవిడ సంగతి ఊరందరికీ తెలుసు కదా సార్. ఆవిడ తెలివి ముందు మనమెంత!"

"తాళంచెవి ఇంట్లో ఉన్న ఆరు రోజులూ మీరు తీశారా?"

"తీయలేదు."

"వెనక సందులో మీ వ్యాను ఎప్పుడైనా ఆపారా?"

"రోజూ ఆపుతా. నా పనే అది."

అడగాల్సింది ఇంకేం తోచలేదు నౌఫల్‌కి.

రెండు రోజులు ఇబ్తిసామ్ బజార్లన్నీ తిరిగింది. కొత్తవాళ్లెవరూ పిస్తా అమ్మకానికి తేలేదు. గర్గూరీ సరుకు కొనడానికి టర్కీ వెళ్లాడు. గోడౌన్ గుమాస్తా ఫోన్‌లోనే చెప్పాడు: "జలీలగారి ఖాతా మాకు సరిపోయింది సార్. వాళ్లు బాకీ లేరు, మేమూ లేము." గాబెస్‌లో చెల్లెలు బార్లీ పిండే అంది. ఆ పిండి అప్పటికే వండేశారు.

మూడోరోజు మధ్యాహ్నం పైఅధికారి ఫోన్ చేశాడు.

"తాళం పగలలేదు. తాళంచెవి ఆమె దగ్గర. బస్తాలు ఎక్కిస్తూ కెమెరాకి చిక్కింది. ఇంకా దేనికోసం ఆగావు? ఎల్లుండి ఆమెను ప్రాసిక్యూటర్ ముందు పెట్టు."

ఫోన్ పెట్టేసి నౌఫల్ టేబుల్ మీదున్న పేపర్ మడిచాడు. లోపలి పేజీలో అతని భార్య ఫోటో ఉంది. డాక్టర్ రౌదా. పిల్లల ఆసుపత్రికి కొత్త అధిపతి. ఆ సాయంత్రమే సన్మానం. పొద్దున్నించి నలుగురు వచ్చి అభినందించారు. నలుగురికీ అతను నవ్వుతూనే జవాబిచ్చాడు.

"మీరు బయల్దేరరా సార్?" అంది ఇబ్తిసామ్.

"పని ఉంది. స్టేట్‌మెంట్లు మళ్లీ వినాలి."

ఆమె రికార్డర్ నొక్కింది. నిజార్ గొంతు వచ్చింది. 'మా ఆవిడ సంగతి ఊరందరికీ తెలుసు కదా సార్. ఆవిడ తెలివి ముందు మనమెంత!'

ఇబ్తిసామ్ కిసుక్కున నవ్వింది. "పొద్దున్న కమిషనర్‌గారితో మీరూ అచ్చం ఇదే అన్నారు సార్. మాట కూడా మారలేదు."

నౌఫల్ ఆమెవైపు తిరిగాడు.

"మళ్లీ పెట్టు."

మళ్లీ విన్నాడు. మాటలో మెప్పు ఉంది. ఆఖర్న నవ్వు ఉంది. ఆ నవ్వు లోపల ఏముంటుందో అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. వారం రోజులుగా అతను దాన్నే మింగుతున్నాడు. రౌదా ఇంటికొచ్చి ఏదో చెప్పబోతే టీవీ శబ్దం పెంచాడు. ఆమెకి వచ్చిన పూలగుత్తుల్ని బాల్కనీలో పెట్టించాడు, ఎలర్జీ అని చెప్పి. ఎలర్జీ ఎన్నడూ లేదు.

ఇబ్తిసామ్‌తో ఏం చెప్పకుండా లేచి ఆసుపత్రికి వెళ్లాడు. హాలు నిండా జనం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వేదిక మీద రౌదా మాట్లాడుతోంది. ముందు వరసలో అతనికోసం ఉంచిన కుర్చీ ఖాళీగా ఉంది. ఒక క్షణం అతనికి ఆమె మాట తడబడితే బాగుండుననిపించింది. ఒక్క క్షణమే. కానీ అనిపించింది.

ఆమెను పడగొట్టే అవకాశం ఏదైనా, ఎవరూ చూడకుండా, తన చేతికి అందితే? తను వదిలేసేవాడా? వదిలేసేవాణ్ణే అని చెప్పుకున్నాడు. చెప్పుకోవాల్సి వచ్చినందుకు సిగ్గేసింది. వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు. రౌదా అతన్ని చూసింది. మాట మధ్యలో చిన్నగా నవ్వింది. అతనికి ఆ నవ్వు మొయ్యలేనంత బరువనిపించింది.

చప్పట్లు మోగుతుండగా అతని బుర్ర ఒకే ప్రశ్న పట్టుకుని తిరుగుతోంది.

నిజార్ చేతికి అందిన అవకాశం ఏమిటి?

బస్తాలు దొంగిలించడమా? ఆరు బస్తాలు ఎక్కడ దాచాలి, ఎవరికి అమ్మాలి? బజారులో జాడ లేదు. నిజార్‌కి ఆ కంప్యూటర్‌తో ఉన్న సంబంధం ఒక్కటే. ఒకే ఒక్క ఎంట్రీ. ఏడాది రాయితీ.

జేబులోంచి పెన్ను తీశాడు. సన్మానం ఆహ్వానపత్రం వెనక రెండు అంకెలు వేసి గుణించాడు. వచ్చిన జవాబు కింద గీత గీశాడు.

గర్గూరీ మర్నాడే టర్కీ నుంచి దిగాడు. నౌఫల్ గోడౌన్‌కి వెళ్లేసరికి పెట్టె కూడా విప్పలేదు. లావుపాటి మనిషి. ముందు బాదం పాలు పోయించి, తర్వాత కూర్చున్నాడు.

"ఒకే ప్రశ్న గర్గూరీగారూ. జలీలగారికి ఈ ఏడాది రాయితీ ఎందుకిచ్చారు?"

"ఏమిచ్చాను?"

"రాయితీ."

గర్గూరీ నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట కదిలింది. కుర్చీ కదిలింది. గుమాస్తా తొంగిచూశాడు. "రాయితీయా! నేనా! ఒరేయ్, విన్నావా? మా ఆవిడ వింటే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది." కళ్లు తుడుచుకుని, లేచి, గోడౌన్ వెనక్కి దారి చూపించాడు. "రండి, చూపిస్తా."

శనివారం పదిన్నరకి అందరినీ పై ఆఫీసులో కూర్చోబెట్టాడు నౌఫల్. కింద దుకాణం కిటకిటలాడుతోంది. వేయించిన నువ్వుల వాసన మెట్లెక్కి వస్తోంది.

"అరెస్ట్ చేయడానికే వచ్చారా?" అంది జలీల. వారంలో ఆవిడ పదేళ్లు ముసలిదైపోయింది.

"ముందు నేను ఒక పాఠం నేర్చుకోవాలి లల్లా. విదాద్‌గారూ, కంప్యూటర్ తెరవండి. సరుకు పాడైందనుకోండి. సప్లయర్‌కి వెనక్కి పంపారు. ఎలా రాస్తారు?"

విదాద్ అయోమయంగా చూసింది. అయినా తెరిచింది.

"సప్లయర్ క్రెడిట్ అని ఉంటుంది సార్. సప్లయర్ పేరు ఎంచుకోవాలి. ఏ సరుకు, ఎన్ని బస్తాలు వెనక్కి పోయాయి, ఆ వరస నింపాలి. సేవ్ చేస్తే మనం వాళ్లకివ్వాల్సింది తగ్గుతుంది. గదిలో మన సరుకూ తగ్గుతుంది. రెండూ ఒకేసారి."

"సరుకేం వెనక్కి పోలేదు. ఉత్తి రాయితీ ఇచ్చారు. అప్పుడు?"

"అప్పుడూ సప్లయర్ క్రెడిటే. కానీ సరుకు వరస నింపం. డబ్బు మాత్రం రాస్తాం. మనం ఇవ్వాల్సింది తగ్గుతుంది. గదిలో సరుకు కదలదు."

"బాగుంది. ఇప్పుడు సరుకు వెనక్కి పంపి, రాయితీ అని రాస్తే?"

"అలా ఎవరు రా..."

విదాద్ తెరవైపు చూసింది. మౌస్ మీద చెయ్యి అలాగే ఉంది.

"పూర్తి చేయండమ్మా."

"సప్లయర్ ఖాతా సరిపోతుంది," అంది ఆమె నెమ్మదిగా. "ఎంత వెతికినా అక్కడ తప్పు దొరకదు. కానీ గదిలో లేని సరుకుని కంప్యూటర్ ఉందంటుంది. చూసేవాళ్లకి... దొంగతనంలా కనిపిస్తుంది."

"పిస్తా బస్తా రెండు వేల నూరు. ఆరు బస్తాలు ఎంత?"

"పన్నెండు వేల ఆరువందలు."

"రాయితీ ఎంత?"

బస్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మేమందరం పన్నెండు వేల పైచిలుకు, పన్నెండు వేల పైచిలుకు అంటూ తిరిగాం," అన్నాడు నౌఫల్. "ఆ పైచిలుకు ఎంతో ఒక్కరం నోరు తెరిచి అనలేదు. గర్గూరీ గుమాస్తాని ఖాతా సరిపోయిందా అని అడిగాం. క్రెడిట్ దేనికిచ్చారని అడగలేదు. బస్మాగారు మొదటిరోజే చెప్పారు, గర్గూరీ రాయితీ ఇచ్చే మనిషి కాదని. ఆవిడకి కుళ్లని కొట్టిపారేశాను. దొంగతనం జరగలేదు లల్లా. మీ ఆరు బస్తాలు చెమ్మ పట్టి గర్గూరీ గోడౌన్‌లో పడి ఉన్నాయి. నిన్న నా కళ్లతో చూశాను. సరుకొచ్చిన మర్నాడే, శుక్రవారం, దుకాణం మూసి అందరూ మసీదుకి వెళ్లినప్పుడు వెనక్కి వచ్చాయట. తెచ్చి దింపిన మనిషి సంతకం పెట్టాడు."

విదాద్ అప్పటికే భర్తవైపు తిరిగి ఉంది.

"నిజార్?" అంది జలీల. "ఏంట్రా ఇది?"

నిజార్ మోచేతి మీది మచ్చలు చూసుకున్నాడు.

"ముందు నేనేం చెడు అనుకోలేదు," అన్నాడు. "చెమ్మ వాసన వచ్చింది. ఇంట్లోంచి తాళంచెవి తెచ్చి తెరిచా. ఆరు బస్తాలు పాడు. తీసుకెళ్లి దింపా. మంచి పని చేశాననుకున్నా. నీకు చెప్పాలని, నువ్వు శభాష్ అంటావని... తిరిగొస్తుంటే నువ్వే ఫోన్ చేశావమ్మా. ఏమన్నావో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"సూస్ దుకాణం విదాద్ పేరు మీద రాయిస్తున్నా, నువ్వు వ్యాను ఖాళీగా ఉంచు, పొయ్యిలు మోయాలి అన్నావు. పదిహేడేళ్ల వయసు నుంచి మోస్తున్నా. నీ పొయ్యిలో చేతులు కాల్చుకున్నా. నాలుగేళ్ల కిందట వచ్చిన మనిషికి తాళంచెవి. కొత్త దుకాణం. నాకు పొయ్యిలు. తినేటప్పుడు విదాద్ ఏమంటుందో అడుగుదాం. పండక్కి విదాద్‌ని అడుగుదాం. నేను ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉంటానే అమ్మా!"

"అందుకని పెళ్లాన్ని దొంగని చేస్తావా?"

"సరుకు వరస కావాలనే ఖాళీగా వదిలేశా. నువ్వు తన తాళంచెవి లాక్కుంటావనుకున్నా. అంతే. ఒక్కసారి తను కూడా నీ కంటికి తక్కువగా కనిపించాలని. పోలీసుల్ని పిలుస్తావని ఎవడనుకున్నాడు? వద్దన్నాగా! పిలిచాక నోరు రాలేదు. రోజూ చెబుదామనుకున్నా. రోజూ ఇంకా ఎక్కువ భయమేసింది."

విదాద్ గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

"రాయితీ తెచ్చానని చెప్పిన రోజు నేనేం చేశానో తెలుసా నీకు? అత్తయ్య దగ్గరికి పరిగెత్తాను. చూడండి అత్తయ్యా, గర్గూరీ దగ్గర పైసా రాల్చడం నావల్ల కాలేదు, మీ అబ్బాయి సాధించాడు అన్నాను. రాత్రి భోజనానికి నీకిష్టమని ములోఖియా కూర చేయించింది నేను. అత్తయ్య నిన్ను మెచ్చుకుంటుంటే నాకు కడుపు నిండిపోయింది."

నిజార్ తల పట్టుకున్నాడు.

"పోలీసులు నా ఫోన్ తీసుకెళ్లిన రోజు నేను ఏడుస్తుంటే తల నిమిరావు. ఎవరో కిట్టనివాళ్లు చేశారన్నావు. ఆ చెయ్యి ఎలా లేచింది నిజార్ నీకు?"

నిజార్ తల మీంచి చెయ్యి దించేశాడు.

నౌఫల్ గొంతు సవరించుకున్నాడు. "పోలీసులకి అబద్ధం చెప్పడం నేరం. నేను ఫైల్ పంపించాలి. కానీ విదాద్‌గారు ఏం కోరుతున్నారో ప్రాసిక్యూటర్ అడుగుతారు. ఆ మాటకి విలువ ఉంటుంది."

జలీల లేచి కోడలి దగ్గరికి వచ్చింది. "తల్లీ, వాడు వెధవ. నీ ఇష్టం. కానీ ఇంటి పరువు..."

"నా పరువు ఈ గదిలో పోలేదు అత్తయ్యా," అంది విదాద్. "కింద పోయింది. దుకాణంలో. వారం నుంచి ఆడవాళ్లు నేను కనబడగానే చేతిసంచి దగ్గరికి లాక్కుంటున్నారు. మీరు చూశారు. చూసీ ఏమీ అనలేదు."

జలీల తల దించుకుంది.

"ఆయన్ని జైల్లో పెట్టమని నేను అడగను. సూస్ నేనొక్కదాన్నే వెళ్తాను. ఆయన రావద్దు. ఇవి రెండూ నా మాటలు. మీ మాట ఒకటి కావాలి నాకు. నాదెక్కడ పోయిందో అక్కడే తెచ్చివ్వండి."

ముప్పై ఐదేళ్లుగా ఆ దుకాణంలో జలీల ఇంటిమాట బయటపెట్టి ఎరగదు. భర్త పోయినప్పుడు కూడా ఏడుపు మేడ మీదే పూర్తిచేసి కిందికి దిగిన మనిషి. గొలుసు సర్దుకుంది. మెట్లవైపు నడిచింది. బస్మా చెయ్యి అందించబోతే వద్దంది.

విదాద్ వెనకే దిగింది. బస్మా, ఇబ్తిసామ్ కూడా. నౌఫల్, నిజార్ మెట్ల మధ్యలో ఆగారు.

శనివారం రద్దీ. గాజు అరల ముందు ఇరవైమంది దాకా ఆడవాళ్లు. పెళ్లి పళ్లేలు మాట్లాడుకునేవాళ్లు, రుచి చూసేవాళ్లు, బేరాలాడేవాళ్లు. జలీల గల్లా వెనక్కి వెళ్లి ఇత్తడి పళ్లెం ఒకటి తీసుకుని బల్ల మీద కొట్టింది. మాటలాగిపోయాయి.

"అందరూ వినండి. మా పిస్తా ఎవరూ దొంగిలించలేదు. నా కోడలు విదాద్ ఒక్క గింజ కూడా ముట్టుకోలేదు. నా కొడుకు అబద్ధం ఆడాడు. నేను నమ్మాను." ఊపిరి తీసుకుంది. గొంతు ఇంకా పెంచింది. "నా కొడుకు అబద్ధం ఆడాడు. నా కోడలు నిప్పులాంటి మనిషి. ఇంటికెళ్లి ఇది కూడా చెప్పండి. ఆ మాట ఎంత దూరం మోశారో ఇదీ అంత దూరం మోయండి."

ఒక ముసలావిడ అరదగ్గరికి జరిగి, చేతిసంచి తెరిచి గాజు మీద పెట్టింది. "రెండు కిలోలు బక్లావా తూచు తల్లీ," అంది విదాద్‌తో. "నువ్వే తూచు."

విదాద్ ఏప్రన్ కట్టుకోలేదు. చేతులు మాత్రం కడుక్కుంది. తూచింది. డబ్బాలో సర్దుతుంటే ఆమె కళ్లలోంచి నీళ్లు బల్ల మీద పడ్డాయి. బస్మా పక్కకి వచ్చి నిలబడింది. ఏమీ అనకుండా ఆ డబ్బాకి రిబ్బన్ చుట్టి ముడివేసింది.

జలీల కోడలి భుజం చుట్టూ చెయ్యి వేసింది. అందరి ముందూ నుదురు ముద్దుపెట్టుకుంది.

నౌఫల్ నిజార్‌వైపు తిరిగాడు. వెళ్దాం పద అనబోయాడు. ఆగిపోయాడు.

నిజార్ ముఖంలో సిగ్గు ఉంది. పశ్చాత్తాపం ఉంది. రెండూ నిజమైనవే. కానీ అతని చూపు భార్య కన్నీళ్ల మీద లేదు. ఆమె భుజం మీదున్న తల్లి చేతి మీద ఉంది. ముప్పై ఎనిమిదేళ్లలో తనకోసం అమ్మ ఒక్కసారైనా అంత గట్టిగా అరవలేదే అన్నట్టు, రెప్పవేయకుండా, దాన్నే చూస్తున్నాడు.